ఆటకో గీత, తప్పుకో కొలత
(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి "సాబ్, ఈసారి మీరు మాట్లాడాలి, పుస్తకాల్లోది వద్దు, మీకు తెలిసింది చెప్పండి" అన్నారు. నాకు తెలిసినవి రెండే. ఒకటి ఫౌజు, రెండోది ఆటస్థలం. యూనిట్‌లో చాలా ఏళ్ళు ఇంటర్ కంపెనీ పోటీలకు విజిల్ వేసే పని నా మెడకే పడింది. వాలీబాల్, కబడ్డీ, ఫుట్‌బాల్, ఏదైనా సరే. విజిల్ వేసేవాడికి మిత్రులు తక్కువ, తిట్లు ఎక్కువ. అయినా అక్కడ నిలబడి చూస్తే మనిషి బాగా అర్థమవుతాడు. పరేడ్‌లో అందరూ ఒకేలా కనపడతారు. పాయింట్ పోయినప్పుడే అసలు మనిషి బయటికొస్తాడు.

అందుకని ఈ రోజు ఆట నియమాల గురించి, పెనాల్టీల గురించి మాట్లాడతాను. ఆటస్థలంలో తప్పుకు వేసే శిక్షకూ, మన ఇళ్ళలో, ఊళ్ళో మనం ఒకరికొకరం వేసుకునే శిక్షలకూ తేడా ఏమిటి అన్నది నా విషయం.

ముందు కార్డుల కథ. మనకు కార్డు అంటే క్యాంటీన్ కార్డు, ఈసీహెచ్‌ఎస్ కార్డు గుర్తొస్తాయి. నేను చెప్పేది రిఫరీ జేబులో ఉండే పసుపు, ఎరుపు కార్డుల సంగతి. 1966లో ఇంగ్లండ్‌లో ప్రపంచ కప్ ఫుట్‌బాల్ జరిగింది. క్వార్టర్ ఫైనల్లో ఇంగ్లండ్, అర్జెంటీనా తలపడ్డాయి. రిఫరీది జర్మనీ. ఆయన అర్జెంటీనా కెప్టెన్ రట్టిన్‌ను బయటికి పొమ్మన్నాడు. ఈయన భాష ఆయనకు రాదు, ఆయన భాష ఈయనకు రాదు. ఆ కెప్టెన్ నిమిషాల తరబడి మైదానం వదల్లేదు. అదే మ్యాచ్‌లో ఇంగ్లండ్ ఆటగాళ్ళు చార్ల్‌టన్ అన్నదమ్ములకు రిఫరీ హెచ్చరిక ఇచ్చాడట. ఆ సంగతి మర్నాడు పత్రికల్లో వస్తేగాని వాళ్ళకు తెలియలేదు.

ఆ టోర్నమెంట్లో రిఫరీల బాధ్యత చూసినాయన పేరు కెన్ ఆస్టన్. ఈయన మనకు మరీ పరాయివాడు కాదు. వృత్తికి బడిపంతులు, రెండో ప్రపంచ యుద్ధంలో మాత్రం బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలో పనిచేసి లెఫ్టినెంట్ కల్నల్ దాకా ఎదిగారు. ఆ మ్యాచ్ గొడవ గురించి ఆలోచిస్తూ లండన్‌లో కారులో వెళ్తుంటే, కెన్సింగ్టన్ హై స్ట్రీట్‌లో ట్రాఫిక్ లైటు పడిందట. పసుపు అంటే నిదానించు, ఎరుపు అంటే ఆగు. దీనికి ఏ భాషా అక్కర్లేదు కదా అనుకున్నారు. 1970లో మెక్సికో ప్రపంచ కప్‌లో కార్డులు మొదలయ్యాయి. ఆ టోర్నమెంట్ మొత్తంలో ఒక్క ఎర్ర కార్డు కూడా చూపించాల్సిన అవసరం రాలేదు. ప్రపంచ కప్‌లో మొదటి ఎర్ర కార్డు 1974లో చిలీ ఆటగాడు కాస్జెలీకి పడింది.

రోడ్డు మీది దీపం ఆటలోకి వచ్చింది. తర్వాత ఆటలోని లెక్క తిరిగి రోడ్డు మీదికి వచ్చింది. 2017 ఆగస్టులో తెలంగాణలో డ్రైవింగ్ తప్పులకు పెనాల్టీ పాయింట్ల విధానం తెచ్చారు. రెండేళ్ళలో 12 పాయింట్లు చేరితే లైసెన్సు ఏడాది సస్పెండ్ అని అప్పుడు నియమం పెట్టారు. ఆటకూ బతుక్కూ మధ్య గోడ లేదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఇప్పుడు అసలు విషయం. ఆటలో పెనాల్టీ పడితే ఆటగాడికి కోపం వస్తుంది, నెత్తి బాదుకుంటాడు, అయినా ఒప్పుకుంటాడు. సాయంత్రం అదే రిఫరీతో టీ తాగుతాడు. ఇంట్లో శిక్ష పడితే మనిషి లోపలే కుమిలిపోతాడు. ఎందుకని? నాకు అయిదు కారణాలు కనపడ్డాయి.

మొదటిది, గీత ముందే ఉంటుంది. మ్యాచ్ రోజు పొద్దున్నే ఫెటీగ్ పార్టీ సున్నం డబ్బాలతో గీతలు వేస్తుంది. మగవాళ్ళ కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. కొలిచి గీస్తాం. ఆట మధ్యలో ఎవడైనా వచ్చి "గీత ఇక్కడ కాదు, అక్కడ" అంటే ఒప్పుకుంటామా? మరి ఇంట్లో ఏం చేస్తున్నాం? పిల్లాడు రాత్రి తొమ్మిదిన్నరకు వస్తాడు. ఒక రోజు మనం టీవీ చూస్తూ పట్టించుకోం. ఇంకో రోజు బయట ఎవరి మీదో చిరాకు ఉంటుంది, అదే తొమ్మిదిన్నరకు వీపు చీరేస్తాం. వాడికి గీత ఎక్కడుందో తెలియదు. వాడు నేర్చుకునేది టైముకు రావడం కాదు, నాన్న మూడ్ చూసి రావడం. చిన్నప్పుడు మనం ఆడుకునేటప్పుడు కూడా "ఏయ్, తొండి!" అని అరిచేవాళ్ళం. మధ్యలో నియమం మార్చడమే తొండి. ఇంటిపెద్ద తొండి చేస్తే పిల్లలు పైకి అరవలేరు, అంతే తేడా.

రెండోది, తప్పుకో కొలత ఉంటుంది. హాకీలో మూడు కార్డులు. అంతర్జాతీయ మ్యాచ్‌లో ఆకుపచ్చ కార్డు పడితే రెండు నిమిషాలు బయట కూర్చోవాలి. పసుపు పడితే కనీసం అయిదు నిమిషాలు. ఎరుపు పడితే ఆ మ్యాచ్‌కు ఇక సెలవు. చిన్న తప్పుకు చిన్నది, పెద్ద తప్పుకు పెద్దది. ఇంకో సంగతి గమనించండి. తప్పు చేసిన చేతికే శిక్ష పడుతుంది, ఆటగాడి వంశానికి పడదు. ఏడో నంబరు ఆటగాడు ఫౌల్ చేస్తే రిఫరీ ఏడో నంబరు రాసుకుంటాడు గానీ "మీ ఊరోళ్ళంతా ఇంతే, మీ అయ్యా ఇంతే" అనడు. మనం మాత్రం కూరలో ఉప్పు ఎక్కువైతే అత్తగారింటిదాకా వెళ్తాం. లెక్కల్లో మార్కులు తగ్గితే "నువ్వు జీవితంలో బాగుపడవు" అంటాం. ఉప్పు ఎక్కువైనందుకు ఎర్ర కార్డు ఏ ఆటలో ఉందండీ?

మన ఫౌజులో కూడా కొలత ఉంది. సర్వీసులో ఉన్నవాళ్ళకు బ్లాక్ ఇంక్ ఎంట్రీ, రెడ్ ఇంక్ ఎంట్రీ అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. ఆర్మీ చట్టం 1950లోని 80వ సెక్షన్ కింద కమాండింగ్ ఆఫీసర్ గారికి ఎంత అధికారం ఉన్నా, వేసే ఖైదు 28 రోజులు దాటకూడదు. నాలుగు రెడ్ ఇంక్ ఎంట్రీలు పడితే ఇంటికే అని చాలాకాలం ఒక మాట ఉండేది. 2015లో సుప్రీంకోర్టు ఆ లెక్క ఒక్కటే చాలదని చెప్పింది. విచారణ జరగాలి, ఆ సైనికుడు ఎన్నేళ్ళు చేశాడు, ఎంత కష్టమైన చోట్ల చేశాడు అన్నది కూడా చూడాలి అంది. అంటే కార్డులు లెక్కపెట్టేటప్పుడు కూడా మనిషిని మొత్తంగా చూడమని అర్థం. ఈ మాట ఇళ్ళకు కూడా పనికొస్తుంది.

మూడోది, విజిల్ వెంటనే మోగుతుంది. లేదా అసలు మోగదు. ఫుట్‌బాల్‌లో అడ్వాంటేజ్ అని ఒకటుంది. ఫౌల్ జరిగినా, దెబ్బతిన్న జట్టు దగ్గరే బంతి ఉండి గోలుకు అవకాశం ఉంటే రిఫరీ చేతులు ముందుకు చాపి ఆట సాగనిస్తాడు. కొన్ని సెకన్లలో ఆ అవకాశం రాకపోతే వెనక్కి పిలిచి ఫ్రీకిక్ ఇస్తాడు. ఆ కాసేపూ దాటిందా, ఆ ఫ్రీకిక్ ఇక లేదు. తప్పు మరీ పెద్దదైతే బంతి ఆగగానే కార్డు చూపిస్తాడు, అక్కడితో సరి. సంసారంలో ప్రతి చిన్నదానికీ విజిల్ వేస్తే ఆటే సాగదు. కొన్ని వదిలెయ్యాలి. వదిలేస్తే నిజంగానే వదిలెయ్యాలి. మనవాళ్ళు ఏం చేస్తారంటే, ఆ రోజు పెద్దమనసుతో ఊరుకుంటారు. పన్నెండేళ్ళ తర్వాత ఎవరి పెళ్ళిలోనో నలుగురి మధ్య ఆ ఫౌల్‌కు విజిల్ వేస్తారు. అవతలివాళ్ళకు ఆ మ్యాచే గుర్తుండదు.

నాలుగోది, విజిల్ వేసేవాడు ఆడడు. ఆడేవాడు విజిల్ వెయ్యడు. దీన్ని మించిన నియమం ఇంకోటి లేదు. ఇంట్లో గొడవ వస్తే మనమే ఆటగాళ్ళం, మనమే అంపైర్లం, స్కోరు రాసేదీ మనమే. ఇక పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు కాక నాలుగెందుకుంటాయి? క్రికెట్లో ఇప్పుడు రివ్యూ పద్ధతి వచ్చింది. అంపైర్ నిర్ణయం నచ్చకపోతే సమీక్ష అడగొచ్చు. అయితే టెస్ట్ ఇన్నింగ్స్‌లో మూడు, ఒన్డేలో రెండు తప్పు సమీక్షల వరకే. నీ మాట నెగ్గితే రివ్యూ నీ దగ్గరే ఉంటుంది, ఓడితే పోతుంది. అందుకే కెప్టెన్ అడిగేముందు బౌలర్‌ను, కీపర్‌ను కనుక్కుంటాడు. వాదించే హక్కుకు కూడా ఖర్చు పెట్టారు. మనకు ఖర్చు లేదు గనక తెల్లవార్లూ వాదిస్తాం.

బాక్సింగ్ ఆడినవాళ్ళు ఇక్కడ ఉన్నారు. రిఫరీ "బ్రేక్" అంటే ఇద్దరూ ఒక అడుగు వెనక్కి వెయ్యాలి, ఆ తర్వాతే మళ్ళీ కొట్టుకోవాలి. వెనక్కి వెయ్యకుండా కొడితే తప్పు. మొగుడూ పెళ్ళాల వాదనలో ఇలా ఒక అడుగు వెనక్కి వేసే మాట ఏదైనా ముందే అనుకుని పెట్టుకోండి. ఆ మాట ఎవరన్నా సరే ఇద్దరూ ఆగాలి. రిఫరీ లేని చోట అదే రిఫరీ.

ఊళ్ళో ఆస్తుల గొడవలకైతే మధ్యవర్తి తప్పనిసరిగా ఉండాలి. మనవాళ్ళు చాలామంది సెలవుల్లో వచ్చి నాలుగు రోజుల్లో తేల్చేద్దామని తమ్ముడి మీదికి వెళ్తారు. లేదా ఇరవై ఏళ్ళు కోర్టుల చుట్టూ తిరుగుతారు. రెండూ వద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద లోక్ అదాలత్‌లు ఉన్నాయి. ఇద్దరూ ఒప్పుకుని అక్కడ రాజీ పడితే ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం. దాని మీద అప్పీలు లేదు. కోర్టులో ఉన్న కేసు అక్కడ తేలితే కట్టిన కోర్టు ఫీజు కూడా తిరిగి వస్తుంది. సెలవు మీద వచ్చినప్పుడు ఇలాంటి సంగతులు కనుక్కుని వెళ్ళండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో కూడా అడగొచ్చు.

అయిదోది అన్నిటికంటే ముఖ్యం. పెనాల్టీకి ముగింపు ఉంటుంది. హాకీలో రెండు నిమిషాలు అయిపోగానే ఆటగాడు లోపలికి పరిగెత్తుతాడు. "నువ్వు కార్డు తిన్నవాడివి, నీకు బంతి ఇవ్వం" అని జట్టు అనదు. మన చెడుగుడులో ఇది ఇంకా బాగుంటుంది. కూతకు వెళ్ళి పట్టుబడ్డవాణ్ణి "చచ్చాడు" అంటాం, వెళ్ళి బయట కూర్చుంటాడు. మనవాళ్ళు అవతలివాణ్ణి ఒకణ్ణి ఔట్ చేస్తే మనవాడు ఒకడు "బతుకుతాడు", ముందు చచ్చినవాడు ముందు లోపలికి వస్తాడు. ఇంత చక్కటి నియమం మన పల్లెటూరి ఆటలో ఉంది. జట్టుకు ఒక మంచి జరిగితే, బయట ఉన్నవాడు లోపలికి రావాలి.

నాకు తెలిసిన ఒక నాయక్ ఉన్నాడు, రిటైరై ఊళ్ళో ఉంటున్నాడు. పేరు అనవసరం. ఆయనకూ తమ్ముడికీ పొలం గట్టు దగ్గర తగాదా వచ్చింది. గట్టు రెండడుగులు జరిపారని తమ్ముడి ఆరోపణ. రెండో ఏడు సర్వేయరు వచ్చి గొలుసు పెట్టి కొలిచాడు. అన్న వైపే రెండడుగులు ఎక్కువ ఉందని తేలింది. అన్న ఒప్పుకున్నాడు, గట్టు వెనక్కి జరిపించాడు, పెద్దమనుషులు చెప్పిన డబ్బు కూడా కట్టాడు. ఆట లెక్కలో అక్కడితో పెనాల్టీ అయిపోయింది. కానీ తమ్ముడు మాట్లాడలేదు. అన్న కూతురి పెళ్ళికి రాలేదు. అన్నకు కూడా పంతం పెరిగింది, తమ్ముడి కొడుక్కు ఉద్యోగం వస్తే పలకరించలేదు. తల్లి పోయినప్పుడు ఇద్దరూ ఒకే అరుగు మీద, చెరో చివర కూర్చున్నారు. పాడె మొయ్యడానికి మాత్రం ఇద్దరూ భుజం ఇచ్చారు, ఒక్క మాట లేదు. పదకొండేళ్ళయింది. ఇద్దరికీ అరవై దాటాయి. ఇప్పటికీ మాటల్లేవు.

నేను మిమ్మల్ని అడుగుతున్నాను. రెండడుగుల గట్టుకు పదకొండేళ్ళు ఏ కార్డు? కమాండింగ్ ఆఫీసర్‌కే 28 రోజుల హద్దు పెట్టిన చట్టం ఉన్న దేశంలో, తోడబుట్టినవాడికి పదకొండేళ్ళ శిక్ష వేసే అధికారం మనకు ఎవరిచ్చారు? మధ్యలో పెళ్ళి జరిగింది, ఉద్యోగం వచ్చింది, మనవలు పుట్టారు. కుటుంబం ఎన్ని పాయింట్లు గెలిచింది! ఒక్కసారైనా బయట ఉన్నవాణ్ణి లోపలికి పిలవలేదు. ఈ సభలో కూడా ఇలాంటి అన్నదమ్ములు లేరని నేను అనుకోవడం లేదు. ఎవరిని ఉద్దేశించీ అనడం లేదు, ఎవరికి తగిలితే వాళ్ళు తీసుకోండి.

రిలే పరుగులో ఒక నియమం ఉంది. బ్యాటన్ కింద పడితే ఎవడి చేతిలోంచి పడిందో వాడే వంగి తీసుకోవాలి. మాట జారినవాడే మాట ఎత్తుకోవాలి. భార్యను పంపి "మా ఆయన మనసులో ఏమీ లేదు" అనిపించడం, పిల్లల చేత స్వీట్ల డబ్బా పంపించడం, ఇవన్నీ వేరేవాడు బ్యాటన్ ఎత్తడమే. చెల్లదు.

ఇంతవరకు శిక్ష తగ్గించుకునే సంగతి చెప్పాను. అన్నిటికీ పసుపు కార్డే అని మాత్రం అనుకోకండి. కొన్నిటికి నేరుగా ఎరుపే. తాగి బండి నడపడం, ఇంటి ఆడమనిషి మీద చెయ్యి ఎత్తడం, కోడలిని కట్నం కోసం వేధించడం. వీటికి మొదటి హెచ్చరిక, రెండో హెచ్చరిక అని లెక్క లేదు. గృహహింస నుంచి మహిళలకు రక్షణ ఇచ్చే చట్టం 2005లోనే వచ్చింది. "ఫౌజీ కదా, కాస్త కోపం ఉంటుంది" అని ఊళ్ళోవాళ్ళు సర్దిచెప్తే మీసం మెలెయ్యకండి, అది మన యూనిఫాంకు తలవంపు. అలాగే ముద్దు చేసి పదహారేళ్ళ కొడుక్కు మోటార్ సైకిల్ తాళం ఇచ్చేవాళ్ళు వినాలి. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికి గాని, బండి ఓనరుకు గాని 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఇక్కడ పిల్లాడి ఫౌల్‌కు కోచ్‌కు కూడా కార్డు.

నియమం ముందు హోదా లేదు అన్నది కూడా ఆట దగ్గరే నేర్చుకోవాలి. 2010 నుంచి పరుగు పందెంలో మొదటి ఫాల్స్ స్టార్ట్‌కే బయటికి పంపుతున్నారు. 2011లో దక్షిణ కొరియాలోని డేగులో ప్రపంచ ఛాంపియన్‌షిప్ 100 మీటర్ల ఫైనల్. ప్రపంచమంతా ఉసేన్ బోల్ట్ కోసం చూస్తోంది. తుపాకి మోగకముందే కదిలాడు. పంపేశారు. కోపం వచ్చింది, చొక్కా విప్పేశాడు, అయినా ట్రాక్ దిగి వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండానే అక్కడే 200 మీటర్లలో బంగారు పతకం గెలిచాడు. 2024లో పారిస్‌లో మన వినేశ్ ఫోగట్ సంగతి మీ అందరికీ తెలుసు. ముందురోజు మూడు కుస్తీలు గెలిచిన అమ్మాయి, మర్నాడు పొద్దున 50 కిలోల మీద 100 గ్రాములు ఎక్కువ తూగింది. ఫైనల్ పోయింది, పతకం పోయింది, అప్పీలు కూడా నిలవలేదు. దేశమంతా బాధపడింది. ఆ నియమం మరీ కఠినం అనేవాళ్ళు ఉన్నారు. కఠినమైతే మార్చమని అడగాలి, అది హక్కు. అంతవరకు త్రాసు మాత్రం అందరికీ ఒకటే. మనం ఊరికి వెళ్ళగానే "నేను మాజీ సైనికుణ్ణి" అని క్యూ తప్పించుకోవాలనుకోవడం, టోల్ గేటు దగ్గర గుర్తింపు కార్డు ఊపి దబాయించడం ఈ త్రాసుకు తూగవు. చట్టం మనకిచ్చిన రాయితీ అడగండి, లేనిది దబాయించకండి.

అలాగని తప్పు పడగానే ప్రాణం పోయినట్టు కూర్చోవద్దు. నీరజ్ చోప్రా మనవాడు. 2016లో రాజ్‌పుతానా రైఫిల్స్‌లో నాయబ్ సుబేదార్‌గా చేరాడు. 2021లో టోక్యోలో 87.58 మీటర్లతో బంగారం తెచ్చాడు. 2024 పారిస్ ఫైనల్లో ఆయన ఆరు త్రోలలో అయిదు ఫౌల్. చెల్లింది ఒక్కటే. ఆ ఒక్కటి 89.45 మీటర్లు, వెండి పతకం. గీత దాటితే ఆ త్రో పోతుంది, అంతే. తర్వాతి త్రోకు పిలిచినప్పుడు మళ్ళీ ఈటె పట్టుకుని లేవాలి. పరీక్ష తప్పిన పిల్లలకు, ప్రమోషన్ కేడర్‌లో తప్పిన తమ్ముళ్ళకు నేను చెప్పేది ఇదే. అయిదు ఫౌల్‌లు పడ్డాయని ఆరో త్రో వెయ్యకుండా ఎవరూ ఇంటికి పోరు.

నియమానికి పైన కూడా ఒక మెట్టు ఉంది. 1980లో బొంబాయిలో ఇంగ్లండ్‌తో స్వర్ణోత్సవ టెస్టు. మన కెప్టెన్ గుండప్ప విశ్వనాథ్. ఇంగ్లండ్ వికెట్లు టపటపా పడుతున్నాయి. కీపర్ క్యాచ్ పట్టాడని అంపైర్ బాబ్ టేలర్‌ను ఔటిచ్చాడు. స్లిప్‌లో ఉన్న విశ్వనాథ్‌కు బంతి బ్యాటుకు తగల్లేదని తెలుసు. టేలర్‌ను వెనక్కి పిలిపించాడు. టేలర్, బోథమ్ కలిసి పెద్ద భాగస్వామ్యం చేశారు, మనం పది వికెట్ల తేడాతో ఓడిపోయాం. ఆ టెస్టులో ఎవరు ఎన్ని పరుగులు చేశారో చాలామంది మర్చిపోయారు. విశ్వనాథ్ పిలుపు మాత్రం ఇంకా చెప్పుకుంటున్నాం. మనకు అనుకూలంగా వచ్చిన తప్పు నిర్ణయాన్ని మనమే సరిచెయ్యడం ఏ నియమ పుస్తకంలోనూ తప్పనిసరి కాదు. దుకాణంవాడు చిల్లర ఎక్కువ ఇస్తే తిరిగి ఇవ్వడం, తండ్రి పొరపాటున మన పేర రాసిన వాటాలో చెల్లెలి భాగం ఆమెకివ్వడం, అవి ఆ మెట్టు మీదివి.

చివరగా త్వరలో పెన్షన్‌కు వెళ్ళే తమ్ముళ్ళకు ఒక మాట. మనం చేరిన కొత్తలో వాలీబాల్ 15 పాయింట్ల ఆట. సర్వీసు మన చేతిలో ఉంటేనే పాయింటు. మన సర్వీసు నెట్‌కు తగిలితే "సైడ్ అవుట్", సర్వీసు అవతలికి పోయేది, పాయింటు పోయేది కాదు. 1990ల చివర్లో ర్యాలీ పాయింట్ వచ్చింది. సర్వీసు ఎవరిదైనా సరే, బంతి కింద పడితే పాయింటే. సెట్టు 25కు. పాత అలవాటుతో తేలిగ్గా ఆడినవాళ్ళు మొదట్లో చిత్తుగా ఓడిపోయారు.

ఫౌజులో మన బతుకు సైడ్ అవుట్ ఆట. ఒక నెల డబ్బు దుబారా చేసినా లంగరులో అన్నం ఉంటుంది, ఎమ్ఐ రూములో మందు ఉంటుంది, బ్యారక్‌లో మంచం ఉంటుంది. బయటికొస్తే ర్యాలీ పాయింటు. కమ్యూటేషన్ డబ్బు చేతికి రాగానే బావమరిది వ్యాపారానికి ఇవ్వడం, కాగితం చదవకుండా షూరిటీ సంతకం పెట్టడం, చూడని ప్లాటుకు అడ్వాన్సు కట్టడం, ఒక్కొక్కటి ఒక్కో పాయింటు పోగొడుతుంది. ఏదీ ఊరికే పోదు. "మన ఫౌజీ సోదరుడే కదా" అని నమ్మి సంతకం పెట్టి, పెన్షన్‌లోంచి ఊరివాళ్ళ అప్పు కడుతున్నవాళ్ళు నాకు తెలుసు. సంతకం పెట్టే ముందు ఇంటావిడకు చూపించండి. ఆవిడ మీరు లేనప్పుడు ఇరవై ఏళ్ళు ఒంటరిగా మ్యాచ్ ఆడింది, మీకంటే బాగా స్కోరు తెలుసు.

వాలీబాల్‌లో ఇంకో మంచి నియమం రొటేషన్. సర్వీసు మనకు తిరిగి వచ్చినప్పుడల్లా ఆరుగురూ ఒక స్థానం జరగాలి. ముందు నిలబడి స్మాష్ కొట్టినవాడు వెనక్కి వెళ్ళి బంతి లేపాలి. రిటైరైనా ఇంట్లో స్మాష్ మనమే కొడతాం అంటే ఫౌల్. పిల్లలు ముందు వరసలోకి వచ్చారు. మనం వెనక నిలబడి బంతి లేపితే చాలు.

ఆటకూ బతుక్కూ ఒక తేడా ఉంది, అది దాచకూడదు. ఆట అయ్యాక జట్లు వేరేవేరే బస్సులెక్కి వెళ్ళిపోతాయి. మనం ఒకే ఇంట్లో పడుకోవాలి, ఒకే ఊళ్ళో చావాలి. కాబట్టి గెలవడం కంటే ఆట ఆగకుండా సాగడం మనకు ముఖ్యం. నియమాలూ పెనాల్టీలూ అందుకోసమే.

ఇంటికి వెళ్ళాక ఒక పని చెయ్యండి. అందరూ కూర్చుని మీ ఇంటి గీతలు ఓ నాలుగు కాగితం మీద రాయండి. గీత దాటితే ఏం శిక్ష, ఎన్నాళ్ళు అన్నది కూడా రాయండి. మొదటి గీత మీ పేర వేసుకోండి, పిల్లల పేర కాదు. ఆ పక్కనే ఇంకో పేరు రాయండి. మీరు ఏళ్ళ తరబడి బయట కూర్చోబెట్టినవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళ పేరు. వాళ్ళ టైము అయిపోయింది సాబ్. లోపలికి పిలవండి.

 జై హింద్.